రేడియేషన్ మధ్యలో చైనా కషాయం ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. గొంతు క్యాన్సర్ అని తేలింది. 35 సిట్టింగుల రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో ఇస్తామన్నారు. ఇప్పటికి 14 సిట్టింగులు అయ్యాయి. నోరంతా పూసింది. రుచి తెలియడం లేదు, మింగలేకపోతున్నారు. ఆయనకు నాలుగేళ్ల క్రితం గుండె కవాటం మార్చారు, అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. మా దగ్గరి బంధువు ఒకరు చైనా మూలికల పొడి తెప్పించి ఇచ్చారు. కషాయం కాచి రోజుకు రెండుసార్లు తాగిస్తే రేడియేషన్ వేడి తగ్గుతుందని, కణితి కూడా కరుగుతుందని, చైనాలో రెండూ కలిపే ఇస్తారని అంటున్నారు. రెండు వారాలు రేడియేషన్ ఆపి, కషాయంతో ఒంట్లో బలం వచ్చాక మళ్లీ మొదలుపెడితే మంచిదట. డాక్టరుకు చెబితే కోప్పడతారని అమ్మ భయం. నాన్నగారు ఏదిచ్చినా తాగుతానంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, చేయాల్సింది ముందు చెబుతాను, కారణాలు తర్వాత. మీ అంతట మీరు రేడియేషన్‌ను ఒక్క రోజు కూడా ఆపకండి. ఆ పొడి ఇప్పుడు ఇవ్వకండి. ఇప్పటికే ఒకటి రెండు సార్లు తాగించి ఉంటే, రేపు సిట్టింగుకు వెళ్లినప్పుడు ఆ ప్యాకెట్టు తీసుకెళ్లి డాక్టరుకు చూపించి, రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించండి.

మీ బంధువు చెప్పినదంతా కట్టుకథ అనడం లేదు. చైనాలో రేడియేషన్‌తో పాటు మూలికలు వాడటం నిజమే. అక్కడి సంప్రదాయ వైద్యం రేడియేషన్‌ను ఒక రకమైన వేడి విషంగా చూస్తుంది. అది ఒంట్లో తేమను హరిస్తుందని, నోరు ఎండిపోవడం, గొంతు మంట, నీరసం అందువల్లే వస్తాయని చెబుతుంది. అందుకని వేడిని తగ్గించి తేమను నిలుపుతాయని నమ్మే మైమెన్‌డోంగ్ దుంపలు, షెంగ్‌దిహువాంగ్ వేర్లు, జిన్‌యిన్‌హువా పూలు ఇస్తారు. నీరసానికి హువాంగ్‌చీ వేరు ఇస్తారు. నాడి, నాలుక చూసి ఒక్కో రోగికి ఒక్కో కలయిక రాస్తారు, రోగి పరిస్థితి మారితే మందూ మారుస్తారు. ఎవరికైనా ఒకటే పొడి అన్నది ఆ వైద్యం పద్ధతి కూడా కాదు.

దక్షిణ చైనాలో, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో, ముక్కు వెనుక గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్ మిగతా ప్రపంచం కంటే చాలా ఎక్కువ. దానికి అక్కడి ఆసుపత్రుల్లో ప్రధాన చికిత్స రేడియేషనే. మూలికలు ఇచ్చినా దానికి తోడుగా, రోగి నోటి పుండ్లనో నీరసాన్నో తగ్గించడానికి ఇస్తారు. ఏ మందు ఎందుకు ఇస్తున్నారో ఒకే కేసు షీటులో ఉంటుంది. రేడియేషన్ ఆపి కషాయం మీద ఉంచి మళ్లీ మొదలుపెట్టడం ఆ పద్ధతిలో భాగం కాదు. మీ బంధువు మాటల్లో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ రెండు వారాల విరామమే.

ఎందుకో వివరంగా చెబుతాను. మీ నాన్నగారికి ఇస్తున్నది మామూలుగా సిట్టింగుకు 2 గ్రే చొప్పున, వారానికి ఐదు రోజులు, ఏడు వారాల్లో మొత్తం 70 గ్రే అయి ఉంటుంది (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). ఒకేసారి ఇవ్వకుండా ఇలా విడగొట్టడానికి కారణం ఉంది. రెండు సిట్టింగుల మధ్య దొరికే గంటల్లో మంచి కణాలు తమకు తగిలిన దెబ్బను చాలావరకు బాగుచేసుకుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ. రోజురోజుకూ ఆ తేడా పెరుగుతూ పోతుంది, చికిత్స పనిచేసేది దాని మీదే. అయితే క్యాన్సర్ కణాలూ ఊరుకోవు. గొంతు, నోరు, గర్భాశయ ముఖద్వారం వంటి చోట్ల వచ్చే క్యాన్సర్లలో, చికిత్స మొదలైన మూడు నాలుగు వారాలకు, ఇంకా బతికి ఉన్న కణాలు మునుపటి కంటే వేగంగా విభజన చెందడం మొదలుపెడతాయి. 14 సిట్టింగులు అయ్యాయంటే మీ నాన్నగారు సరిగ్గా ఆ దశకు చేరుకుంటున్నారు. ఇప్పుడు రెండు వారాలు ఆపడమంటే ఆ కణాలకు అడ్డూ అదుపూ లేకుండా పెరిగే సమయం ఇవ్వడమే.

తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్క రోజు ఆలస్యమైతే, కణితి శాశ్వతంగా అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతానికి పైగా తగ్గుతుందని అధ్యయనాల అంచనా. పద్నాలుగు రోజులకు ఎంతవుతుందో మీరే లెక్కవేయండి. బ్రిటన్‌లో రేడియేషన్ డాక్టర్లకు మార్గదర్శకాలిచ్చే రాయల్ కాలేజీ, ఇలాంటి క్యాన్సర్లలో మొత్తం చికిత్స అనుకున్న గడువు కంటే రెండు రోజులకు మించి ఆలస్యం కాకూడదంటుంది. యంత్రం చెడిపోయో, పండుగ సెలవు వచ్చో ఒక సిట్టింగు తప్పితే, సెలవు రోజున పిలిచో, ఒకే రోజు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇచ్చో సర్దుతారు. మీ నాన్నగారికి ఎప్పుడైనా సిట్టింగు తప్పితే "ఇది ఎలా భర్తీ చేస్తారు?" అని మొహమాటం లేకుండా అడగండి.

ఇక కషాయం సంగతి. రేడియేషన్ కణాన్ని చంపేది ఎక్కువగా నీటి ద్వారా. కిరణం కణంలోని నీటి అణువును విరగ్గొడుతుంది. అప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ వెళ్లి కణం డీఎన్ఏను తెంపుతాయి. ఎక్స్‌రే కిరణాలు చేసే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఈ దారిలోనే జరుగుతుంది. మూలికా మందుల ప్యాకెట్ల మీద గొప్పగా రాసే మాట "యాంటీ ఆక్సిడెంట్". అంటే ఆ ఫ్రీ రాడికల్స్‌ను పట్టి ఆర్పేసేది. మామూలు రోజుల్లో అది మంచి గుణంలా వినిపిస్తుంది. రేడియేషన్ జరుగుతున్న వారాల్లో మాత్రం, ఆ మందు మంచి కణాన్ని కాపాడుతోందా, క్యాన్సర్ కణాన్ని కాపాడుతోందా అని అనుమానించాలి.

ఇది కేవలం ఊహ కాదు. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిని రెండు జట్లుగా చేసి పరీక్షించారు. ఒక జట్టుకు విటమిన్ ఇ మాత్రలు ఇచ్చారు. మొదట్లో బీటా కెరోటిన్ కూడా కలిపి ఇచ్చి, తర్వాత దాన్ని ఆపేశారు. రెండో జట్టుకు మందు లేని మాత్రలు ఇచ్చారు. ఫలితాలు 2005లో వచ్చాయి. రెండూ కలిపి తీసుకున్న వారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు నిజంగానే తగ్గాయి. కానీ మందు తీసుకున్న జట్టులో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. తర్వాతి ఏళ్లలో మరణాలు కూడా ఆ జట్టులోనే ఎక్కువ. పుండ్లు తగ్గాయని సంతోషించిన మాత్రే కణితికీ కాపలా కాసి ఉండవచ్చన్నమాట. అవి విటమిన్లు, చైనా మూలికలు కావు, నిజమే. కానీ "నోరు మానితే చాలు, మందు పనిచేసినట్టే" అనుకోవడం ఎంత ప్రమాదమో ఈ పరీక్ష చూపిస్తుంది. కషాయం తాగాక మీ నాన్నగారి నోరు కొంచెం తేరుకున్నా, లోపల ఏం జరుగుతోందో ఆ నోరు చూసి మీరు చెప్పలేరు.

మీ నాన్నగారి విషయంలో ఇంతకంటే దగ్గరి ప్రమాదం వార్ఫరిన్. చైనా కషాయాల్లో తరచుగా పడే డాన్‌షెన్ వేరు వార్ఫరిన్ ప్రభావాన్ని విపరీతంగా పెంచి రక్తస్రావానికి దారితీసిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డాంగ్‌గుయ్ వేరు కూడా అదే దారి. అమెరికన్ జిన్‌సెంగ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, వార్ఫరిన్ బలాన్ని తగ్గిస్తుంది. తగ్గితే కొత్త కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం. ఒక్క గిన్నెలో ఈ మూడూ మరిగితే ఐఎన్ఆర్ ఎటు పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. నోరంతా పుండ్లు ఉన్న మనిషికి రక్తం మరీ పలుచబడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా సరిగ్గా తినలేని వారాల్లో ఐఎన్ఆర్ దానంతట అదే మారుతుంది. అందుకని కషాయం తాగినా తాగకపోయినా, ఈ వారాల్లో ఆ పరీక్ష మామూలు కంటే తరచుగా చేయించాలా అని డాక్టరును అడగండి.

తర్వాత కిడ్నీలు. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద బరువు వేసే మందు. అందుకే ఇచ్చే రోజున సెలైన్ ఎక్కిస్తారు, ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. ఇక్కడ ఒక పాత ఘటన చెప్పాలి. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఒక క్లినిక్ ఇచ్చిన చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లకు వరుసగా కిడ్నీలు పాడయ్యాయి. బాధితుల సంఖ్య వంద దాటింది. ఆరా తీస్తే, హాన్‌ఫాంగ్‌జీ అనే మూలిక వేయాల్సిన చోట గువాంగ్‌ఫాంగ్‌జీ అనే మరో మొక్క వేరు పడిందని తేలింది. పేర్లు దగ్గరగా ఉంటాయి, ఎండబెట్టి ముక్కలు చేశాక చూపుకూ తేడా తెలియదు. రెండోదానిలో కిడ్నీలను పాడుచేసే అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆడవాళ్లలో చాలామందికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ఆమ్లాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో పెట్టింది. అదే ఆమ్లం ఉన్న గువాన్‌ముటోంగ్‌ను చైనా ప్రభుత్వం 2003లో నిషేధించింది.

మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్టులో అలాంటిది ఉందని నేను అనడం లేదు. అందులో ఏముందో మీకూ నాకూ తెలియదు, అదే అసలు సమస్య. పేరు రాసి ఉన్నా సరిపోదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అమెరికాలో పీసీ స్పెస్ అనే ఎనిమిది మూలికల మందు అమ్మేవారు. దాదాపు అన్నీ చైనా మూలికలే. చాలామందికి పనిచేసింది కూడా. 2002లో పరీక్షించి చూస్తే అందులో కృత్రిమ ఈస్ట్రోజెన్, నొప్పి మందు, వార్ఫరిన్ బయటపడ్డాయి. వాటిని ఎవరూ ప్యాకెట్టు మీద రాయలేదు.

చైనా వైద్యాన్ని తీసిపారేయడానికి ఇదంతా రాస్తున్నానని అనుకోకండి. నాకు ఆ సంప్రదాయం మీద గౌరవం ఉంది, దానికి బలమైన కారణమూ ఉంది. చైనాలోని హార్బిన్ నగరంలో జాంగ్ టింగ్‌డాంగ్ అనే వైద్యుడు 1970లలో, ఒక సంప్రదాయ మందుతో రక్త క్యాన్సర్ రోగులు కోలుకుంటున్నారని విని, దాన్ని పరిశీలించాడు. అందులో పాషాణం (ఆర్సెనిక్), పాదరస లవణం, కప్ప విషం ఉండేవి. ఒక్కొక్కటే విడదీసి చూస్తే అసలు పని చేస్తున్నది పాషాణం అని తేలింది. మిగతా రెండూ వదిలేసి, దాన్ని శుద్ధి చేసి, మోతాదు కట్టి, ఏ రకం రక్త క్యాన్సర్‌లో బాగా పనిచేస్తుందో గుర్తించారు. అలా వచ్చిన ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ మందును 2000లో అమెరికా ప్రభుత్వం కూడా ఆమోదించింది. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఈ రోజు ఎక్కువ మందిలో పూర్తిగా నయమవుతోంది. అలాగని ఎవరూ ఇంట్లో పాషాణం నూరి ఇవ్వరు. గుండె లయ దెబ్బతినకుండా ఈసీజీ చూసుకుంటూ ఆసుపత్రిలో ఎక్కిస్తారు.

రేడియేషన్‌తో మూలికలు కలిపి ఇచ్చిన పరీక్షలు చైనాలో చాలా జరిగాయి. నోటి పుండ్లు, నీరసం తగ్గాయనీ, రక్త కణాలు తగ్గిపోకుండా నిలిచాయనీ వాటిలో పెద్ద భాగం చెబుతాయి. వాటిని ఒకచోట చేర్చి చూసినవారు మాత్రం పదేపదే ఒకటే అంటున్నారు: పరీక్షలు చిన్నవి, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలుస్తూనే ఉంది, ఒక్కో చోట ఒక్కో మూలికల కలయిక. చేదు కషాయానికి నకిలీ తయారుచేయడం కష్టం కూడా. అన్నవాహిక క్యాన్సర్‌లో రేడియేషన్‌కో కీమోకో తోడుగా ఈ మందులు ఇచ్చిన పరీక్షలను వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు 2016లో పరిశీలించారు. రోగి రోజువారీ సౌకర్యం కొంత మెరుగుపడి ఉండవచ్చన్నారు. క్యాన్సర్ మీద పనిచేస్తుందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదన్నారు. లింగ్‌జీ పుట్టగొడుగు మీద సమీక్షకులు చెప్పిందీ దాదాపు అదే: తోడుగా ఇచ్చినప్పుడు కొంత మేలు కనిపించింది, దాన్నే అసలు చికిత్సగా వాడటానికి ఆధారం లేదు. "కణితి కరుగుతుంది" అని మీ బంధువుకు ఎవరు చెప్పారో గానీ, ఈ ఫలితాలు ఆ మాట అనడం లేదు.

"ఏదిచ్చినా తాగుతాను" అంటున్నారంటే, మీ నాన్నగారు నొప్పితో అలసిపోయి ఉన్నారు. దానికి చేయగలిగినవి చాలా ఉన్నాయి. నోటి నొప్పిని ఓర్చుకోవాల్సిన పని లేదు. తినడానికి అరగంట ముందు పనిచేసేలా నొప్పి మందు రాయమని అడగండి. మార్ఫిన్ ఇస్తామంటే బెదరకండి. ఈ పుండ్లకు అది మామూలుగా వాడే మందే, పుండ్లు మానగానే తగ్గించి ఆపేస్తారు. ఉప్పు, వంట సోడా కలిపిన గోరువెచ్చని నీటితో రోజుకు ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు పుక్కిలించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. పళ్లు తోమడానికి బాగా మెత్తని బ్రష్ వాడాలి. పొగాకు ఏ రూపంలో అలవాటు ఉన్నా ఇప్పుడు మానేయాలి, రేడియేషన్ సమయంలో పొగ తాగేవారిలో చికిత్స ఫలితం తగ్గుతుంది. మింగడానికి సంబంధించిన వ్యాయామాలు నేర్పి ఉంటే కొంచెం నొప్పి ఉన్నా రోజూ చేయించండి. కొన్ని వారాలు మింగడం మానేసిన గొంతు తర్వాత ఆ పనినే మరచిపోతుంది.

బరువు వారానికి రెండుసార్లు చూసి రాసి పెట్టండి. సిట్టింగుకు పడుకున్నప్పుడు ముఖం మీద బిగించే ఆ తెల్లని జాలీ మాస్కును మొదటి రోజు వేడి నీటిలో మెత్తబరచి ఆయన ముఖానికి అచ్చుగా పోశారు. కిరణం మిల్లీమీటర్ల లెక్కలో తగలాలంటే ఆ మాస్కు కదలకూడదు. బరువు తగ్గి చెంపలు పీలిస్తే అది వదులవుతుంది, లెక్కలు మళ్లీ వేయాల్సి వస్తుంది, రోజులు పోతాయి. అందుకే ముక్కులో గొట్టం పెట్టి ఆహారం ఇద్దామని డాక్టరు అంటే ఒప్పుకోండి. బలం కోసం రేడియేషన్ ఆపనక్కరలేదు. ఆ బలం గొట్టం ద్వారా అందించవచ్చు.

పుండ్లు చివరి వారాల్లోనూ, అయిపోయాక ఒకటి రెండు వారాల్లోనూ బాగా ఎక్కువగా ఉంటాయి, ఆ తర్వాత మానతాయి. ఇది ఆయనకు ముందే చెప్పండి. లేకపోతే ఆరో వారంలో చికిత్స వికటిస్తోందని భయపడి, ఆయనే ఆపేస్తానంటారు.

డాక్టరు కోప్పడతారన్న అమ్మగారి భయం గురించి. కొందరు కోప్పడతారు, నిజమే. అయినా చెప్పాలి. నయమయ్యే దశలో ఉన్న క్యాన్సర్ రోగుల మీద అమెరికాలో ఒక అధ్యయనం చేసి 2018లో ప్రచురించారు. మామూలు చికిత్సకు తోడుగా ఇతర వైద్యాలు వాడినవారిలో చనిపోయే ముప్పు, వాడనివారి కంటే రెండింతలు ఉంది. దానికి కారణం ఆ అధ్యయనంలోనే కనిపిస్తుంది: అలా వాడినవారిలో రేడియేషన్ సూచిస్తే వద్దన్నవారు 53 శాతం, వాడనివారిలో కేవలం 2 శాతం. వద్దనడం, ఆలస్యం చేయడం లెక్కలో చేర్చి చూస్తే మిగతా తేడా గట్టిగా చెప్పగలిగేంతగా మిగల్లేదు. ఆ మందులు చంపలేదు, వాటిని నమ్ముకుని వదిలేసిన చికిత్సే చంపింది. మీ బంధువు చెప్పిన రెండు వారాల విరామం ఈ కోవకే చెందుతుంది.

కాబట్టి ఇలా అడగండి: "మా వాళ్లు ఈ మందు తెచ్చారు. మేం ఇవ్వడం లేదు. మీకు తెలియాలని తెచ్చాం. నాన్నగారి నోటి నొప్పికి ఇంకేం చేయవచ్చో చెప్పండి." అలా అడిగితే కోప్పడే డాక్టర్లు తక్కువ. కోప్పడినా, ఆ కోపం కంటే దాచిపెట్టిన కషాయం ప్రమాదకరం. మీ బంధువుకు కూడా డాక్టరు వద్దన్నారని గాక, వార్ఫరిన్‌తో పడదని చెప్పండి. ఆయన మనసు నొచ్చుకోదు, అది అబద్ధమూ కాదు.

చికిత్స పూర్తయ్యాక ఏడాదిపాటు ఆయనను బాధించేది నోరు ఎండిపోవడం కావచ్చు. అందుకు చైనా వైద్యంలోని ఆక్యుపంక్చర్‌ను షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి కలిసి 399 మంది మీద పరీక్షించాయి. రేడియేషన్ వారాల్లోనే సూదులు వేయించుకున్నవారికి, ఏ సూదులూ లేనివారితో పోలిస్తే, ఏడాది తర్వాత నోరు ఎండడం తక్కువగా ఉంది. అలాగే అమెరికన్ జిన్‌సెంగ్‌తో క్యాన్సర్ నీరసం కొంత తగ్గిందని 364 మంది మీద చేసిన ఒక పరీక్ష 2013లో చెప్పింది. వార్ఫరిన్ వల్ల మీ నాన్నగారికి జిన్‌సెంగ్ పనికిరాదు. సూదుల విషయం ఐఎన్ఆర్ చూసి డాక్టరే చెప్పాలి. రేడియేషన్ ముగిసిన దాదాపు పన్నెండు వారాలకు, క్యాన్సర్ ఇంకా మిగిలి ఉందా అని చూసే పెట్ స్కాన్ చేస్తారు. ఆ ఫలితం చేతికొచ్చి, పుండ్లు మాని, కిడ్నీ పరీక్షలు మామూలుగా ఉన్నప్పుడు, ఏ మూలిక గురించైనా పేరుపేరునా రాసుకుని వెళ్లి అడగండి. ఈలోగా ఆయనను 15వ సిట్టింగుకు వేళకు తీసుకెళ్లండి.